ఇత్తడి రోలు గొడవా, మా గీజరు యుద్ధమూ

కువైట్ ఎండల గురించి చెబితే మా కోనసీమలో కోతలు కోస్తున్నానంటారు. అనుకోనీండి. ఆగస్టు నెల మధ్యాహ్నం ఫర్వానియా రోడ్ల మీద నడిస్తే మన నీడ కూడా మన వెంట రాదు. ఏసీ ఉన్న దుకాణం కనిపించగానే అందులో దూరి, మనం పని చూసుకుని తిరిగొచ్చేదాకా అక్కడే చల్లగా కూర్చుంటుంది. పావురాలు ఎగరడం మానేసి, బస్సుల కింద నీడ చూసుకుంటూ నడిచి పోతుంటాయి. నా చెప్పు ఒకసారి తారుకు అంటుకుని ఊడి రాకపోతే, దాన్ని అక్కడే వదిలేసి వచ్చాను. ఇప్పటికీ అక్కడే ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు.

ఇదంతా ఎందుకంటే, ఆ దేశంలో వేసవి వస్తే గీజరు బుద్ధి తిరగబడుతుంది. మేడమీద ట్యాంకులో నీళ్లు సలసలా కాగి, నేరుగా కుళాయిలోకి దిగుతాయి. అందుకని గీజరు స్విచ్చి ఆపేసి, దాని పొట్టలో నీళ్లు పట్టి ఉంచుతాం. లోపలి ఏసీ చలవకు పొద్దుటికల్లా అవి మనిషి పోసుకోదగ్గ నీళ్లవుతాయి. ఎర్ర చుక్క ఉన్న కుళాయి తిప్పితే చన్నీళ్లు, నీలం చుక్క కుళాయి తిప్పితే మరుగునీళ్లు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఒకసారి కాలి, ఈ లెక్క నేర్చుకుంటాడు. అలాంటి దేశంలో ఒకడు నిలవ చేసుకున్న గీజరుకు ఇంకొకడు వెళ్లి స్విచ్చి వేశాడంటే దాన్ని ఏమనాలి? నేనైతే యుద్ధనేరమే అంటాను. నా వీపు కూడా అదే అంటుంది.

మా ఫ్లాటులో రెండు గదులు, గదికో బాత్రూమూ గీజరూ, ఒక వంటిల్లు, ఒక హాలు. హాలంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక టీవీ, ఒక సోఫా, సోఫాలో నేను, అంతటితో నిండిపోయేది. ఒక గది మా గోదావరి వాళ్లది. రెండోది కడప, రాయచోటి వాళ్లది. మా గదికి సేనాపతి ముమ్మిడివరం వైపు మనిషి. షర్క్‌లో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు కాబట్టి మేం అతన్ని డాక్టరనేవాళ్లం. నిజం డాక్టర్లకి కూడా అంత పొగరుండదు. వాళ్ల గదికి సేనాపతి రాయచోటి డ్రైవరు. మిష్రిఫ్‌లో ఒక విల్లాలో పని. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, ఇతనికిచ్చిన గదిని కొత్తగా కొన్న చిలకలకి కేటాయించి, "నువ్వు బయట ఎక్కడైనా ఉండు నాయనా" అని సాగనంపింది. చిలకల గదికి ఏసీ, వైఫై రెండూ ఉన్నాయట. ఆ అవమానం డ్రైవరు ముఖంలో ఎప్పుడూ కాస్త కనిపిస్తుండేది.

డ్యూటీలు దిగాక రెండు గదులూ హాల్లో టీవీ ముందు సమావేశమయ్యేవి. టీవీలో ఎప్పుడూ అదే యుద్ధం. గాజా మీద పొగ, ఇటు ఏడుస్తున్నవాళ్లు, అటు తమవాళ్ల ఫొటోలు పట్టుకుని నిలబడ్డవాళ్లు. ప్రపంచంలో పెద్ద పెద్ద సభలు తేల్చలేనిది మేం టీ గ్లాసులు పట్టుకుని తేల్చేవాళ్లం.

"ముందు ఎవురు కొట్టినారు? అది చెప్పప్పా," అనేవాడు డ్రైవరు. "పండగ దినము ఊర్ల మింద పడి ఆడోళ్లని, ముసిలోళ్లని సంపి, ఎత్తుకపోతే ఎవుడు ఊరకుంటాడు?"

"ఊరుకోమని ఎవరన్నారండీ? కొట్టినోణ్ణి పట్టుకుని కొట్టుకోమనండి. పిల్లల నోటికాడ రొట్టె లాగేసి, ఆసుపత్రులు పడగొట్టేత్తే ఏటండీ అది? ఆ పిల్లలేం చేశారండీ?" అనేవాడు డాక్టరు.

"అది గూడా తప్పే. నేను కాదంటినా?"

"కాదన్లేదు గానీ, ఔనని గట్టిగా అన్లేదుగా తవరు!"

వయసులో పెద్దవాణ్ణి, సోఫా నాది, కాబట్టి సభాధ్యక్షత నాదే. ఒకరోజు ఇద్దరి వాదనలూ విని, గొంతు సవరించుకుని తీర్మానం ప్రవేశపెట్టాను. ఎవరు మొదలుపెట్టినా, ఎవరు తిరిగి కొట్టినా సరే, తిండి, నీళ్లు, మాట, ఈ మూడూ ఎవరికీ ఆపకూడదు. పోట్లాటలో లేనివాళ్ల జోలికి అసలే పోకూడదు. రెండు గదులూ చేతులెత్తాయి. డాక్టరైతే రెండు చేతులూ ఎత్తాడు. ప్రపంచ చరిత్రలో అంత తొందరగా నెగ్గిన తీర్మానం ఇంకోటి ఉండదు. టీవీ కట్టేసి అన్నాలు తిన్నాం. యుద్ధం మాత్రం ఆగలేదు. మా తీర్మానం అక్కడికి చేరలేదేమో.

ఆ తీర్మానానికి చెయ్యెత్తనివాడు ఒక్కడే, ఎదురు గుమ్మం హాజీ. ఆయన పాలస్తీనా మనిషి. గాజాలో పుట్టి, మీసాలు మొలిచే వయసులో కువైట్ వచ్చి, ఇప్పుడు మీసాలు పూర్తిగా నెరిసిపోయి ఉన్నాడు. పెళ్లాం లేదు, పిల్లలు లేరు. మా బిల్డింగు కింద దర్జీ కొట్టు. మనవాళ్లతో పనిచేసి చేసి హిందీ పట్టుబడింది. ఆ హిందీలో వ్యాకరణం ఉండేది కాదు గానీ బలం ఉండేది. మా నిమ్మకాయలు అడక్కుండా తీసుకుపోవడం, నా పొట్ట గురించి వ్యాఖ్యానించడం ఆయనకు సరదాలు. ఆ యుద్ధం మొదలైన మొదటి వారం మా సోఫా అంచున కూర్చుని టీవీ చూశాడు. ఊళ్ల మీద పడి చంపినవాళ్లను చూపిస్తుంటే, "పిల్లలున్న ఇళ్లలోకి దూరడం ఏం మగతనం?" అని ఛీకొట్టాడు. ఆ తర్వాత బాంబులు పడటం మొదలై, తన వీధే టీవీలో కనిపించాక, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ టీవీ ముందుకు రాలేదు.

ఆయనకు అక్కడ ఒక చెల్లెలుంది. ఇల్లు కూలిపోయి, మనవలతో గుడారంలో ఉంటోంది. ఈయన చేస్తే కలవదు. ఆవిడే ఎక్కడో నెట్ అందే చోటికి నడిచి వెళ్లి, కలిసినప్పుడు చేయాలి. ఆ కాల్ ఈయనకు మా వైఫై మీద వచ్చేది. మా రౌటరు హాలు గోడకు, సరిగ్గా ఆయన గుమ్మానికి ఎదురుగా ఉండేది. కింద కొట్టుకు కూడా సన్నగా అందేది. బదులుగా ఆయన మా ప్యాంట్లన్నీ ఊరికే సరిచేసి పెట్టేవాడు. నా నడుము విషయంలో ఆ ఒప్పందం ఆయనకు నష్టమే అనుకోండి. ఏడాదికి రెండుసార్లు కుట్టు విప్పి వదులు చేయాల్సి వచ్చేది. చివరికి విప్పడానికి గుడ్డ మిగలక, వేరే ప్యాంటు తెచ్చి దీనికి అతికించాడు.

అన్నాచెల్లెళ్లు అంత కష్టపడి కలిసిన ఫోనులో ఏం మాట్లాడుకునేవాళ్లనుకున్నారు? ఇత్తడి రోలు గురించి. వాళ్లమ్మ కాఫీ గింజలు దంచిన రోలు. అది పెద్దకొడుకుగా తనదని ఈయన. అమ్మ పోయే ముందు తన చేతికిచ్చిందని ఆవిడ. ఆ రోలు ఇల్లు కూలినప్పుడే రాళ్ల కిందికి పోయింది. అయినా లేని రోలు కోసం ఇక్కడినుంచి ఈయన, అక్కడినుంచి ఆవిడ, మధ్యలో సముద్రాలు, ఎడారులు అదిరేలా అరుచుకునేవాళ్లు. ఆ అరుపులు వినబడితే మాకు నిశ్చింత. అక్కడ అందరూ ఉన్నారన్నమాట.

ఒకసారి ఆవిడ, "మమ్మల్ని వదిలేసి పోయినవాడివి, నీకు రోలెందుకు?" అని ఠక్కున ఫోను పెట్టేసింది. తర్వాతిసారి చేసినప్పుడు ఈయన బదులు తీర్చుకున్నాడు. ఆవిడ "హలో" అనగానే పెట్టేశాడు. అంతే, ఆ నిమిషం నుంచీ ఆయనకు కాలు నిలవలేదు. నా నడుము కొలుస్తూ కొలుస్తూ టేపు అలాగే పట్టుకుని ఆగిపోయాడు.

"ఆ ఒక్క కాల్ కోసం ఎంత దూరం నడిచొచ్చిందో," అన్నాడు. "ఈసారి చేయనీ. రోలు నీదే అనేస్తా. ఖలాస్. నేనిలా అన్నానని ముందే ఎవరికీ చెప్పకు."

గాజాలో నాకు తెలిసినవాళ్లెవరూ లేరు కాబట్టి చెప్పనని మాటిచ్చాను.

సరిగ్గా ఆ సమయంలో మా ఫ్లాటులో యుద్ధం వచ్చింది. శుక్రవారం సెలవు. డాక్టరు షర్క్ చేపల మార్కెట్టుకు వెళ్లి ఒక జుబేదీ తెచ్చాడు. మన చందువ చేపే. ఎంతదంటే, తలకాయ వంటింట్లోకి వచ్చి కాసేపయ్యాక తోక లిఫ్టులోంచి దిగింది. మా బాణలిలో పట్టక, గూట్లో ఉన్న నల్లటి పెనం దించి, దాని మీద వేయించాడు. ఆ పెనం డ్రైవరుది. ఆయన వెంకన్నకు శనివారాలు మొక్కుకున్నాడు. ఆ ఒక్క రోజు కోసం, దోసెలకు మాత్రమే వాడే పెనమది. మిగతా వారమంతా గుడ్డ కప్పుకుని పూజగదిలో విగ్రహంలా ఉండేది. ఇది మా గదిలో అందరికీ తెలుసు. కానీ ఆ చేప వాసన ముందు మాకెవరికీ ఏదీ గుర్తు రాలేదు.

శనివారం పొద్దున్నే డ్రైవరు స్నానం చేసి, నామం పెట్టుకుని, మొదటి దోసె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం సగంలో ఆగిపోయింది.

"ఎవుర్రా నా పెనం మింద చేపలు ఏంచింది?"

"శుభ్రంగా కడిగేశానండీ," అన్నాడు డాక్టరు మంచం మీంచే. "నిమ్మకాయెట్టి మరీ తోమాను!"

"కడిగితే పోతాదా అది? ఒక్క పొద్దులో ఉండా నేను! నా నోట్లో నీ చేప ఈతలు కొడతాండాది గదరా!"

"మా చేపని అనకండి గురూగారూ, మంచి చేపండది!"

ఆ మాటతో రెండు దేశాల మధ్య సంబంధాలు తెగిపోయాయి. మర్నాడు పొద్దున నేను ఎప్పటిలా పాటందుకుని, ఎర్ర చుక్క కుళాయి కింద నిలబడి, నిండుగా తిప్పాను. మా గీజరుకు కరెంటు పని చేసినవాడు ఏ పరధ్యానంలో ఉన్నాడో గానీ, స్విచ్చిని వాళ్ల గుమ్మం పక్కన పెట్టాడు. ఇక చెప్పేదేముంది? ఉడికిన రొయ్య రంగుకు తిరగడానికి ముందు మనిషి ఏ రంగు గుండా వెళతాడో ఆ రంగులన్నీ దాటాను. నా కేకకు మూడో అంతస్తులో మలయాళీ వాళ్లు మంటలనుకుని మెట్లు దిగారు. నేను గోదావరి గదివాణ్ణన్న మాటేగానీ ఆ చేపలో తిన్నది ఒక్క ముక్క. అది కాస్త పెద్ద ముక్క అనుకోండి. తవా ఎవరిదని అడిగి తినే అలవాటు ఎవరికుంటుంది? డ్రైవరుతో ఇదే మొరపెట్టుకుంటే, "నిన్ను కాలుద్దామని కాదన్నా, ఆ యప్ప నీళ్లు పోసుకుంటాడేమో అనుకుంటి," అన్నాడు. టీవీలో కూడా సరిగ్గా ఈ మాటే చెబుతుంటారు.

డాక్టరు బదులు తీర్చుకోవడానికి ఎంతోసేపు ఆలోచించలేదు. వైఫై అతని ఇఖామా, అంటే అక్కడి నివాస కార్డు, మీద తీసుకున్నది. పాస్‌వర్డు మార్చేసి, కొత్తది మా గదివాళ్ల ఫోన్లలో మాత్రమే నొక్కాడు. అంతటితో మా తీర్మానంలోని తిండి, నీళ్లు, మాట, మూడింటికీ వరసగా గండిపడింది. అధ్యక్షుడిగా నేను ఆ సంగతి గమనించాల్సింది. కానీ ఆ సమయంలో వీపుకు మందు రాయించుకునే పనిలో ఉన్నాను. పైగా, నిజం చెప్పొద్దూ, పాస్‌వర్డు ఏం పెట్టాడో విని అందరికన్నా గట్టిగా నవ్వింది కూడా నేనే.

డ్రైవరు ఊళ్లో ఉన్న కూతురితో వీడియోలో మాట్లాడటానికి మిష్రిఫ్‌లో చిలకల గది గోడకు అతుక్కుని నిలబడేవాడు. రెండు రోజుల్లో ఆ చిలకలు రాయచోటి మాట పట్టేశాయి. మామా గింజలు వేయడానికి వెళితే, అవి వరసగా నిలబడి "అన్నం తిన్యావా నాయనా? పండుకుంటివా?" అని పరామర్శించాయట. ఆవిడ భయపడి దిష్టి తీయించే మనిషిని పిలిపించిందని డ్రైవరే తర్వాత చెప్పాడు.

ఆ రెండు రోజులూ హాజీ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన్ని ఏదో చేద్దామని ఎవరూ అనుకోలేదు. అసలు మా లెక్కలోనే లేడు.

మూడో రోజు మధ్యాహ్నం డ్రైవరు తన ప్యాంటు తెచ్చుకోవడానికి కింద కొట్టుకు వెళ్లాడు. నేను కాలిన వీపు వంకతో సెలవు పెట్టి సోఫాలో బోర్లా పడుకుని ఉన్నాను. తలుపు దబాలున తెరుచుకుంది. మాతో మాటల్లేని మనిషి నేరుగా నా తలదగ్గరికొచ్చి నిలబడ్డాడు. చేతిలో ప్యాంటు లేదు.

"అన్నా, మనము ఏం జేసినామో తెలుసునా నీకు?"

"ఏమైంది?"

"హాజీ కొట్టు సగం షట్టరేసుకోని లోపల కుచ్చోని ఉండాడు. మిషను మింద ఫోను పెట్టుకోని దాన్నే సూస్తాండాడు. రెండు దినాల నుంచి పలకల్యా అంట సెల్లెలు. వాళ్లు గుడారాలేసుకున్న కాడనే బాంబులు పడినాయని ఎవురో సెప్పినారంట. నేను పెట్టేసిన కాలే ఆకరిదైపోయెనే అంటాండాడు... అన్నా, ఆ యప్ప ఫోనులో వైఫై గుర్తు లేదన్నా. ఆడ లైన్లు పోయినాయి అనుకుంటాండాడు. పోయింది ఈడ!"

నా వీపు మంట ఒక్కసారిగా తెలియకుండా పోయింది. కొత్త పాస్‌వర్డు నా ఫోనులో ఉందిగానీ చుక్కల్లో దాగి ఉంది. నవ్వానే తప్ప అక్షరాలు గుర్తుపెట్టుకోలేదు. షర్క్‌లో ఉన్న డాక్టరుకు ఫోను చేశాను.

"పాస్‌వర్డు చెప్పు నాయనా, అర్జెంటు."

"వాళ్ల కోసమాండీ?" అన్నాడు. వెనక ఎవరివో ఫోన్లు మోగుతున్నాయి. "ముందు సారీ చెప్పమనండి. గీజరు ఇంకెప్పుడూ ముట్టుకోనని మన గది అందరి ముందూ ఒప్పుకోవాలి. మా చేపని అన్న మాట ఎనక్కి తీసుకోవాలి. ఆయ్! అప్పుడు చూద్దారి."

షరతులు ఇంకా ఉన్నట్టున్నాయి. డ్రైవరు నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

"సారీ అప్పా. సారీ. ఇంగా ఎన్ని కావల్ల? గీజరు నాదే తప్పు. చేప శానా మంచి చేప. శనివారం కాకుంటే నేనే తినేవాణ్ణి. ఇది నా కోసం కాదు, హాజీ కోసరం. సెల్లెలు కాల్ రాల్యా ఆ యప్పకు. సెప్పు!"

డాక్టరు చిన్న గొంతుతో, ఒక్కొక్క అక్షరమే చెప్పాడు. అది డ్రైవరు మీదా, ఆయన పెనం మీదా కట్టిన తిట్టు. ఇక్కడ రాయడం మర్యాద కాదు. ఇద్దరం కొట్టులోకి పరుగెత్తాం. తనను తిట్టిన ఆ తిట్టును డ్రైవరే తన వేళ్లతో, తప్పు పోకుండా, హాజీ ఫోనులో నొక్కాడు.

"బాగనే తిట్టినావులే," అని మాత్రం ఎదురుగా లేని డాక్టరుతో అన్నాడు.

అయితే కొట్టులో వైఫై సన్నగా వచ్చిపోతుంటుంది. హాజీని చెరో రెక్కా పట్టుకుని పైకి తెచ్చి మా సోఫాలో కూర్చోబెట్టాం. గుర్తు నిండుగా వెలగగానే ఫోను దడదడలాడింది. ఆవిడ చేసిన కాల్స్. ఇక్కడ ఎవరూ ఎత్తనివి. చివరిది నిన్నటిది. గుడారాల మీద బాంబులు పడిందీ నిన్ననే, ఆ కాల్ కు ముందో తర్వాతో మాకెవరికీ తెలియదు. హాజీ ఆ వరసను వేలితో పైకీ కిందికీ జరుపుతూ కూర్చున్నాడు. "చేసింది," అన్నాడు. "నేను అలిగాననుకుని ఉంటుంది." ఏం జరిగిందో మేం చెప్పాం. కోప్పడతాడనుకున్నాం. ఆయన మమ్మల్ని, వంటింటి గుమ్మంలోంచి కనిపిస్తున్న పెనాన్ని మార్చి మార్చి చూశాడు. "చేప కోసం?" అని అడిగాడు. "చేప కోసం," అన్నాను.

ఆ సాయంత్రం మా ఫ్లాటు మామూలు ఫ్లాటు కాదు. డాక్టరు షాపు మధ్యలో వదిలేసి, కరెంటు పోయినా రౌటరు ఆగకుండా ఒక బ్యాటరీ చంకన పెట్టుకుని వచ్చాడు. డ్రైవరు తన గదిలోని నిలువు ఫ్యాను తెచ్చి, వేడెక్కకూడదని రౌటరుకు ఎదురుగా పెట్టాడు. దానికి కొట్టినంత గాలి అప్పటిదాకా మా ఫ్లాటులో ఏ మనిషికీ తగల్లేదు. నెట్ బరువెక్కకూడదని అందరం మా ఫోన్లు కట్టేశాం. హాజీ ఫోనుకు తలగడ వేశారు. గ్లాసు కింద పెట్టాలన్నా చప్పుడు కాకుండా పెట్టారు. పెనం సంగతి ఎత్తితే నాలుక కోస్తానన్నట్టు ఇద్దరు సేనాపతులూ ఒకరి పక్కన ఒకరు నేలమీద కూర్చున్నారు.

పొద్దు గూకి, మగ్రిబ్ నమాజు పిలుపు అయ్యాక ఫోను మోగింది.

హాజీ కంగారులో ఏది నొక్కాడో, ఆవిడ గొంతు స్పీకరులో హాలంతా నిండింది. నాకు అరబీ ఆఫీసుకు సరిపడా వచ్చుగానీ ఆ వేగానికి సరిపోదు. తిడుతోందని మాత్రం భాష రాని చిలకలకి కూడా అర్థమవుతుంది. ఈయన "వినవే, రోలు..." అనబోయాడు. అటునుంచి ఇంకో నాలుగు వాక్యాలు వడగళ్లలా పడ్డాయి. ఠక్. పెట్టేసింది.

హాజీ తెరిచిన నోరు అలాగే ఉంది. తర్వాత ఆయన పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి, కళ్లలోంచి నీళ్లు కారుతుండగా పెద్దగా నవ్వాడు.

"ఏమందండీ?" అన్నాడు డాక్టరు భయంగా.

"రోలు కోసం అలిగి ఫోను ఎత్తవా, నీ రోలు నువ్వే తీసుకో, నాకొద్దు అంది. మొన్న నేను పెట్టేశాను, ఇవాళ తను పెట్టేసింది." మీసం తుడుచుకున్నాడు. "ఒకటికి ఒకటి. ఇంకెవరికీ దెబ్బ తగల్లేదు. ఇదీ బదులంటే."

"మళ్లా కోపంతోనే పెట్టేసె గదా?" అన్నాడు డ్రైవరు దిగులుగా.

"అంత గట్టిగా అరిచిందంటే," అన్నాడు హాజీ, "ఇవాళ ఏదో తిన్నది."

డ్రైవరు లేచి వెళ్లి, అప్పటిదాకా వెలుగుతున్న మా గీజరు ఎర్ర దీపాన్ని ఆర్పాడు. డాక్టరు పెనాన్ని తీసుకుని, పసుపు, చింతపండు, ఇంకా వంటింట్లో కనిపించినవన్నీ వేసి, మళ్లీ తోముతూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున జంకుతూ జంకుతూ ఎర్ర చుక్క కుళాయి తిప్పాను. చల్లటి నీళ్లు. ఈసారి పాట ఎత్తుకోలేదు. తువ్వాలు చుట్టుకుని బయటికొస్తే, హాజీ మా సోఫాలో, నా చోట్లో, ఫ్యాను గాలి రౌటరుకు సరిగ్గా తగులుతోందో లేదో చూస్తూ కూర్చుని ఉన్నాడు. ఒడిలో ఫోను.

"కొట్టు తీయలేదేం హాజీ?"

"అది మళ్లీ చేస్తుంది," అన్నాడు. "రోలు తీసుకోమంది కదా. నాకొద్దని చెప్పాలి."

నా చోటు ఆయనకే వదిలేసి, నేను నేలమీద కూర్చున్నాను.